రెండొందల నలభై ఒకటో పురుగు

సర్వారోగ్య వైద్య విజ్ఞాన సంస్థలో అన్నీ ఉన్నాయి, రోగులు తప్ప. ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల, జీడితోటల మధ్య, బస్సు కూడా రావడానికి మొహమాటపడే చోట మూడు వందల మంచాల ఆస్పత్రి కట్టారు. మంచాల మీద దుప్పట్లున్నాయి. దుప్పట్ల మీద సంస్థ ముద్ర ఉంది. ముద్ర కింద "అందరూ ఆరోగ్యంగా ఉందురు గాక" అని ఉంది. ఆ దీవెన చుట్టుపక్కల జనానికి గట్టిగానే తగిలినట్టుంది, వార్డుల వైపు ఎవరూ వచ్చేవారు కాదు.

మామూలు రోజుల్లో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఏడాదికోసారి తనిఖీ మండలి వచ్చినప్పుడే చిక్కు. నూటికి ఎనభై మంచాలు నిండి ఉండాలని వాళ్ళ నిబంధన. అంటే రెండొందల నలభై మంది రోగులు కావాలి. అందుకని ఏటా తనిఖీ నాడు పొద్దున్నే కాలేజీ బస్సులు పల్లెలకి వెళ్ళి రెండొందల నలభై మంది ఆరోగ్యవంతుల్ని ఎక్కించుకొచ్చేవి. మనిషికో బిర్యానీ పొట్లం, ఆడవాళ్ళకి చీర, మగవాళ్ళకి తువ్వాలు. రోగం మాత్రం సంస్థే ఇచ్చేది.

ఈ రోగులందరిలోకీ తవిటమ్మ సీనియరు. పక్క పల్లెలో జీడితోటకి కాపలా ఉంటూ, తేనెపెట్టెలు పెట్టుకుని బతికే మనిషి. పదకొండేళ్ళుగా ఒక్క తనిఖీ కూడా మానలేదు. ఒక ఏడు పక్షవాతం, ఒక ఏడు పచ్చకామెర్లు, మరో ఏడు గర్భసంచి ఆపరేషను. ఆ గర్భసంచి ఆపరేషను నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ అయింది. కామెర్లకైతే ఇంటి దగ్గరే పసుపు రాసుకుని తయారై వచ్చేది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఎలా మూలగాలో, తనిఖీ అధికారి దగ్గరికి రాగానే ఏ కంట్లోంచి నీళ్ళు తెప్పించాలో ఆవిడే నేర్పేది. కిందటేడు మండలివాళ్ళు ఇన్నేళ్ళుగా ఇక్కడ ఒక్కరూ చనిపోకపోవడమేమిటని అనుమానపడితే, రికార్డులో ఒక మరణం చూపించాల్సి వచ్చింది. అంత కష్టమైన పాత్ర తవిటమ్మకి తప్ప ఇంకెవరికిస్తారు?

ఈ వ్యవహారమంతా చూడలేక ప్రతి తనిఖీ రోజూ సెలవు పెట్టే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన సూక్ష్మజీవశాస్త్ర విభాగానికి ఉన్న ఏకైక డాక్టరు, పేరు లోకనాథం. క్యాంటీనుకీ శవాల గదికీ మధ్య ఆయన ల్యాబు. యాభై దాటిన మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే "అలాగే సార్" అనేసి, తర్వాత మూడు రోజులు లోపల్లోపల జవాబులు చెప్పుకుంటూ తిరిగేవాడు.

ఆ ఏడు తనిఖీ ఇంకా ఆరు రోజులుందనగా తవిటమ్మ కుంటుకుంటూ ఆయన ల్యాబుకి వచ్చింది. తేనెపెట్టె కింద ఇనుప ఊచ పాదంలో దిగిందట. పాదం గుమ్మడిపండంత వాచింది.

"ఇదేమిటి తవిటమ్మా, ఈసారి ముందుగానే తయారయ్యావు? చాలా బాగా వేశావే," అన్నాడు లోకనాథం, మొదట.

"ఏసిందేటి బాబూ! ఇది నిజిం పుండు," అంది తవిటమ్మ. "టవును డాట్రుకాడికి ఎల్లొచ్చినాను. ఏ సూదీ పన్జేత్తన్లేదు, రెండు వారాల్లో తగ్గకపోతే సీలమండకాడికి తీసెయ్యాలన్నాడు. ఒంటికాలితో తోట ఎలగ కాపలా కాత్తాను? నన్నెవులు ఉంచుకుంటారు?"

లోకనాథం కట్టు విప్పి చూశాడు. నవ్వు మొహం మీంచి జారిపోయింది. పుండులోంచి చీము తీసి పెంచి చూస్తే, రెండు రోజుల్లో తెలిసింది, అదొక మొండి క్రిమి. ఏ మందు వేసినా దులిపేసుకుంటోంది. అయితే పాతకాలపు మందులు రెండున్నాయి. విడివిడిగా ఏదీ పని చెయ్యదు గానీ, రెండూ కలిపి ఇస్తే లొంగుతుందేమోనని ఆయన అనుమానం. ఆ అనుమానాన్ని ఒక ప్రాణి మీద తేల్చుకోకుండా తవిటమ్మ ఒంట్లోకి ఎక్కించడానికి ఆయనకి చెయ్యి రాలేదు. ఎలుకల కోసం ఆయన పెట్టుకున్న దరఖాస్తు మూడేళ్ళుగా జంతు సంక్షేమ ఉపసంఘం దగ్గరే ఉంది. దాన్ని ఈలోగా నిజం ఎలుకలే సగం కొట్టేశాయని కూడా విన్నాడు.

"పురుగులైతే అనుమతి అక్కర్లేదు," అన్నాడు ఆలోచిస్తూ. "తేనెపట్టులో మైనం తినే తెల్ల పురుగులుంటాయి చూడు. వాటి ఒంటి వేడి మనకి లాగే పెట్టొచ్చు. క్రిమి ఎక్కిస్తే మనలాగే జబ్బుపడతాయి. పడితే నల్లబడిపోతాయి. మందు పనిచేస్తే తెల్లగానే ఉంటాయి."

"ఆ దరిద్రప్పురుగులా! రోజూ ఏరి పారేత్తన్నాను కదేటి," అంది తవిటమ్మ. మర్నాడే పాలపొడి డబ్బా నిండా మూడు వందల పురుగుల్ని లెక్కపెట్టి తెచ్చిచ్చింది.

ఆ మందులు రక్తనాళంలోకి రోజూ ఎక్కించాలి కాబట్టి మంచం ఒకటి ముందే చూసిపెడదామని లోకనాథం ఆవిణ్ణి వెంటబెట్టుకుని అడ్మిషను కౌంటరుకి వెళ్ళాడు. అక్కడ కొత్తగా మొహాన్ని గుర్తుపట్టే యంత్రం పెట్టి, పాత రికార్డుల్లోని ఫోటోలన్నీ దానికెక్కించారు. తవిటమ్మ దాని ముందు నిలబడింది. యంత్రం ఒక క్షణం ఆలోచించి ఎర్రలైటు వేసింది. తెర మీద "ఈ రోగి మరణించినారు. సంస్థ సంతాపం తెలుపుచున్నది" అని వచ్చింది.

"బాబూ, ఈ మిషనీ నాను సచ్చిపోనానంటందేటి!"

కౌంటరు వెనక మెడికల్ రికార్డుల అధికారి సుందరశివరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మే మనిషి ఆయన. "కిందటేడు తమరు పరమపదించిన మాట వాస్తవం. మరణించిన వ్యక్తిని చేర్చుకొనుటకు నిబంధనలు అంగీకరించవు," అన్నాడు.

"సావమన్నారు, సచ్చినాను. బాగా సచ్చినావని రెండు పొట్లాలు కూడా ఇచ్చినారు. ఇప్పుడు బతికొచ్చినాను కదా బాబూ, సూడండి."

"ఆ సౌకర్యం సాఫ్టువేరులో లేదమ్మా."

లోకనాథానికి ఒళ్ళు మండింది. "అలాగే సార్" అని వచ్చేశాడు. తవిటమ్మని తన ల్యాబు పక్క స్టోరు గదిలో బల్ల మీద పడుకోబెట్టి, ఐదు రోజులు ఓపిక పట్టమని చెప్పి, పురుగుల పనిలో పడ్డాడు. మూడు వందల పురుగుల్నీ నాలుగు స్టీలు గిన్నెల్లో డెబ్భై ఐదు చొప్పున పంచాడు. అన్నిటికీ తవిటమ్మ పుండులోని క్రిమిని సన్నసూదితో ఎక్కించాడు. మొదటి గిన్నెకి మందు లేదు. రెండోదానికి ఒక మందు, మూడోదానికి ఇంకో మందు, నాలుగోదానికి రెండూ. ఐదో రోజుకి ఏ గిన్నెలో ఎన్ని చచ్చాయో లెక్కపెడితే చాలు, తవిటమ్మ కాలు ఉంటుందో పోతుందో తెలిసిపోతుంది.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే డీన్ డాక్టర్ విక్రమార్కరావు అత్యవసర సమావేశం పెట్టాడు. తనిఖీ మండలి కొత్త నిబంధన పంపింది. అద్దె రోగుల బెడద వదిలించుకోవడానికి వాళ్ళు బాగా బుర్ర పెట్టి రాశారు. డీన్ దాన్ని లేచి నిలబడి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, శరీరమందు రోగక్రిమి ఉన్నట్లు ప్రయోగశాల ధ్రువీకరించినదియు, సంస్థయందు చికిత్స పొందుచున్నదియు అగు ప్రాణిని మాత్రమే రోగిగా పరిగణించవలెను. ముఖము యంత్రమున నమోదు కావలెను. ముఖము నమోదుకు వీలుకాని పక్షమున కట్టు కట్టబడినట్లు వ్రాయవలెను."

చదివి కూలబడ్డాడు. "పల్లెల్లో ఎవరికీ జబ్బు లేదు. ఉన్నవాళ్ళ మొహాలన్నీ ఇప్పటికే మూడేసి రోగాలతో యంత్రంలో ఉన్నాయి. సగం మందికి ఉన్న అవయవాల కంటే తీసేసినవే ఎక్కువ. ఇంకో మూడు రోజుల్లో మన గుర్తింపు పోతుంది. రెండొందల నలభై మంది క్రిమి ఉన్న రోగుల్ని ఎక్కణ్ణుంచి తేవాలి?"

అందరూ బల్ల వైపు చూశారు. సుందరశివరావు మాత్రం కాగితం అందుకుని మళ్ళీ చదివాడు, వేలు పెట్టి.

"ఇక్కడ ప్రాణి అని ఉన్నది," అన్నాడు. "మనిషి అని ఎక్కడా లేదు."

ఎవరికీ అర్థం కాలేదు. లోకనాథానికి మాత్రం అర్థమైంది.

"లోకనాథంగారి ల్యాబులో మూడు వందల ప్రాణులున్నవి. క్రిమి ఉన్నట్లు వారే ధ్రువీకరించగలరు, వారే ఎక్కించారు కనుక. చికిత్స కూడా జరుగుచున్నది. ముఖమునకు కట్టు అని వ్రాయుదము."

డీన్ నెమ్మదిగా లేచాడు. లోకనాథం దగ్గరికి నడిచొచ్చి, పదిహేనేళ్ళలో మొదటిసారి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "డాక్టర్, ఇన్నాళ్ళూ మీ విభాగం ఎందుకుందా అనుకునేవాణ్ణి," అన్నాడు ఆర్ద్రంగా.

"సార్, అవి ప్రయోగంలో ఉన్నాయి. కదిలిస్తే..."

"కదిలించం. అడ్మిట్ చేస్తాం."

"సార్..."

"దట్స్ ఆల్."

"అలాగే సార్," అన్నాడు లోకనాథం.

సాయంత్రానికల్లా గిన్నెకి అరవై చొప్పున రెండొందల నలభై పురుగులు ఇన్‌పేషెంట్లయ్యాయి. మంచానికి ఒకటి. తెల్ల దుప్పటి మధ్యలో గాజు పళ్ళెం, పళ్ళెంలో పురుగు, తలవైపు సెలైను స్టాండు, కాళ్ళవైపు కేసుషీటు. పేరు దగ్గర పురుగు ఒకటి, పురుగు రెండు అని రాశారు. తండ్రి లేక భర్త పేరు దగ్గర "తెలియరాలేదు". వృత్తి దగ్గర ఏం రాయాలో తెలీక గుమాస్తాలు తల గోక్కుంటే, మైనం వ్యాపారం అని రాయించాడు సుందరశివరావు. మిగిలిన అరవై పురుగులూ గిన్నెకి పదిహేను చొప్పున ల్యాబులోనే ఉండిపోయాయి. అవి లెక్కకి అవసరం లేదు కాబట్టి వాటిని ఓపీ కింద రాసుకున్నారు.

మర్నాటి నుంచి ఆస్పత్రి కళకళలాడిపోయింది. అన్నేళ్ళుగా రోగి అనేవాణ్ణి పుస్తకంలోనే చూసిన జూనియర్లు ఉత్సాహంగా మంచం మంచానికీ తిరిగారు. హెడ్ నర్సు రూతమ్మ ప్రతి రోగికీ ఉష్ణోగ్రత చూడాల్సిందేనని పట్టుబట్టింది. థర్మామీటరు నాలుక కింద పెట్టడానికి నాలుక దొరక్కపోతే, పురుగునే థర్మామీటరు మీద పడుకోబెట్టింది. ఆహార పట్టిక ప్రకారం రోగికి ఉదయం మూడు ఇడ్లీలు, సాంబారు. రెండొందల నలభై పళ్ళేలు మంచాల దగ్గరికి వెళ్ళేవి, ఖాళీగా వచ్చేవి. "రోగులకు ఆకలి బాగున్నది" అని డైటీషియన్ నివేదిక రాసింది. వార్డు బాయ్‌లు ఆ వారంలో కాస్త ఒళ్ళు చేశారు.

లోకనాథం భయపడిన ముప్పు రెండో రోజు మధ్యాహ్నం వచ్చింది. నలభై రెండో మంచం పురుగు నల్లబడింది.

"సైనోసిస్! ఊపిరందడం లేదు!" అని ఒక జూనియరు అరిచాడు. మైకులో పిలుపులు మొదలయ్యాయి. నలుగురు డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. ఒకడు ఆక్సిజన్ మాస్కు పెట్టబోతే రోగి మొత్తం మాస్కులోకి వెళ్ళిపోయింది. ఇంకొకడు గుండె నొక్కడానికి అగ్గిపుల్ల తెప్పించాడు. లోకనాథం చేతులడ్డం పెట్టి బతిమాలాడు.

"దాన్ని వదిలెయ్యండి బాబూ! అది మొదటి గిన్నెది. దానికి మందు ఇవ్వకూడదు. అది చచ్చిపోవాలి!"

రూతమ్మ ఆయన్ని చూసిన చూపుకి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "మీరు డాక్టరేనా?" అంది.

గంటలో డీన్ గదికి పిలుపు వచ్చింది. బల్ల మీద అరవై కేసుషీట్లున్నాయి.

"అరవై మంది రోగులకి క్రిమి ఉందని మీరే సంతకం పెట్టారు. చుక్క మందు ఇవ్వకుండా కూర్చున్నారు. ఇది వైద్య నిర్లక్ష్యం కాదా?" అన్నాడు విక్రమార్కరావు.

"సార్, అది కంట్రోల్ గ్రూపు. మందు లేకపోతే ఎన్ని చస్తాయో తెలిస్తేనే మందు వేస్తే ఎన్ని బతికాయో తెలుస్తుంది. చావుల లెక్కే నా ప్రయోగం."

"చావులా? నా ఆస్పత్రిలోనా? తనిఖీ వారంలోనా?" డీన్ కుర్చీలోంచి లేచాడు. "వినండి. ఈ సంస్థలో కారణం లేకుండా ఎవరూ చావరు. అవసరమైతే ఒకరు చస్తారు, అదీ కమిటీ తీర్మానించాక. ఈ ఏటి మరణం ఇంకా కేటాయించలేదు."

ఆ సాయంత్రమే ఆదేశం వెళ్ళింది. ప్రతి పురుగుకీ ఫార్మసీలో ఉన్న మందులన్నీ పడ్డాయి. నాలుగు గిన్నెల్లో ఏ పురుగు ఏ గిన్నెదో, దేనికి ఏ మందు పడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేని స్థితి వచ్చింది. కొన్ని పురుగులు పళ్ళేల్లోంచి దిగి పరుపుల్లోకి తొలుచుకుపోయాయి. వాటి కేసుషీట్ల మీద "రోగి విశ్రాంతి తీసుకొనుచున్నారు" అని రాశారు.

లోకనాథం స్టోరు గదిలోకి వచ్చి తవిటమ్మ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. ఆవిడ పాదం మీద నలుపు బొటనవేలు దాటి పైకి ఎగబాకుతోంది. జ్వరంతో ఆవిడ పెదాలు ఎండిపోయాయి. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"నా వల్ల కాలేదు తవిటమ్మా. నీ పురుగుల్ని వాళ్ళు చావనివ్వడం లేదు. పాడు చేసేశారు. ఇంక నేను తేల్చలేను."

"అవీ? ఎంతమంది సూత్తన్నారు వోటిని?"

"నలభై మంది డాక్టర్లు. నర్సులు. డీన్ స్వయంగా రోజుకి రెండుసార్లు రౌండ్సు."

"పురుక్కా!" అంది తవిటమ్మ. "పదకొండేళ్ళు ఆ మంచాల మీదే పడుకున్నాను బాబూ. ఒక్క డాట్రూ నా సెయ్యట్టి సూళ్ళేదు. తనికీ బాబులొచ్చినప్పుడు తప్ప." మోచేతి మీద కొంచెం లేచి, "మరి ఈ గోడవతల ఓపీ అని ఒగ్గేసినోటిని ఎవులు సూత్తన్నారు?" అంది.

లోకనాథం తలెత్తాడు.

ఓపీలో ఉన్నవాటిని ఎవరూ చూడటం లేదు. ఈ సంస్థ పుట్టినప్పటి నుంచీ ఓపీలో ఉన్నవాళ్ళని ఎవరూ చూసిన దాఖలా లేదు. ఆయన ల్యాబులోకి పరిగెత్తాడు. వెచ్చని పెట్టె తలుపు తీశాడు. నాలుగు గిన్నెల్లో పదిహేనేసి పురుగులు, ఆయన పెట్టిన చోట పెట్టినట్టే ఉన్నాయి. వాటికి ఇడ్లీ పెట్టినవాళ్ళు లేరు, ఆక్సిజన్ పెట్టినవాళ్ళు లేరు. రాసిన మందు రాసినట్టే పడింది, ఎందుకంటే వేసింది ఆయన ఒక్కడే. మొదటి గిన్నెలో అప్పుడే ఐదు నల్లబడి ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆయన ఈ సంస్థ నిర్లక్ష్యానికి చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

మూడో రోజు తనిఖీ మండలి దిగింది. ముగ్గురు సభ్యులు, వాళ్ళ ముందు అధ్యక్షుడు. అధ్యక్షుడు సగం దేశం తిరిగిన మనిషి, ఎంత చూసినా ఆశ్చర్యపోవడం మానేసి చాలాకాలమైంది. ఆయన మొదటి మంచం దగ్గర ఆగి పళ్ళెంలోకి తొంగిచూశాడు.

"రోగి?"

"రోగే సార్," అన్నాడు డీన్. "క్రిమి ధ్రువీకరణ జతపరచబడింది. ముఖానికి కట్టు."

"కట్టు కనపడటం లేదే?"

"చాలా చిన్న కట్టు సార్."

అధ్యక్షుడు నిబంధన పుస్తకం తీయించి చదివాడు. సభ్యుల చేత చదివించాడు. వాళ్ళు గుసగుసలాడుకున్నారు. నిబంధన తానే రాశాడు కాబట్టి అది తప్పని ఆయన అనలేడు. చివరికి పళ్ళెం మీదికి వంగి, "ఎలా ఉంది నీకు? ఇక్కడ బాగా చూస్తున్నారా?" అని అడిగాడు. పురుగు తల కొంచెం ఎత్తి మళ్ళీ దించింది.

"రోగి తృప్తి వ్యక్తము చేసెను," అని రాసుకున్నాడు.

రెండొందల నలభై మంచాలూ చూశాక ఆయన నివేదికలో రెండే లోపాలు చూపించాడు. రోగుల బంధువులు కూర్చోవడానికి కుర్చీలు లేవు. స్త్రీ, పురుష వార్డులు వేరుగా లేవు. మిగతా విషయాల్లో ఇంత క్రమశిక్షణ గల రోగులను తన సర్వీసులో చూడలేదనీ, ఇంతకు ముందు ఇక్కడి రోగులు మరీ గట్టిగా మూలిగేవారనీ మెచ్చుకున్నాడు. నెల రోజుల్లో ఎప్పుడైనా మళ్ళీ చెప్పకుండా వస్తామని, అంతవరకూ ఒక్క రోగి కూడా తగ్గకూడదని చెప్పి వెళ్ళిపోయాడు.

ఐదో రోజు ఉదయం లోకనాథం గిన్నెలు తీశాడు. తవిటమ్మని కూడా బల్ల మీంచి లేపి తెచ్చి చూపించాడు. మొదటి గిన్నెలో పదిహేనూ నలుపే. రెండోదాంట్లో పద్నాలుగు, మూడోదాంట్లో పదమూడు. నాలుగో గిన్నెలో రెండు మాత్రం నల్లబడ్డాయి. పదమూడు మీగడ రంగులో, గుండ్రంగా, గిన్నె అంచు ఎక్కి పారిపోవడానికి చూస్తున్నాయి.

"పోనీండి, పాపం," అంది తవిటమ్మ, వాటిని తిట్టకుండా ఉండటం జీవితంలో అదే మొదలు.

మందు తెలిసింది. ఇంక మంచం కావాలి. మూడు వారాలు, రోజుకి రెండుసార్లు ఎక్కించాలి. తవిటమ్మేమో యంత్రం లెక్కలో చచ్చిపోయిన మనిషి. లోకనాథం కౌంటరు ముందు నిలబడి ఆలోచించాడు. మూడు రోజులుగా లోపల్లోపల చెప్పుకుంటున్న జవాబులన్నీ ఒక్కసారి గొంతులోకొచ్చాయి.

"సుందరశివరావుగారూ, ఇంకో పురుగుని చేర్చుకోవాలి," అన్నాడు.

"నంబరు?"

"రెండొందల నలభై ఒకటి."

"క్రిమి ధ్రువీకరణ?"

"ఇదిగో."

"ముఖం?"

"కట్టు."

సుందరశివరావు రాసుకుంటూ పోయాడు. బరువు దగ్గర ఆగాడు. "యాభై రెండు కిలోలు అని వ్రాసినారు. పురుగు పేజీలో ఒక గ్రాము దాటితే కంప్యూటరు తీసుకోదు."

"ఎంత తీసుకుంటుందో అంత రాయండి."

"పాయింటు మూడు గ్రాములు," అని రాసి, ముద్ర వేసి, తలెత్తి తవిటమ్మని చూశాడు. ఆవిడా ఆయన్ని చూసింది. కాగితం మీద అంతా సరిగ్గా ఉంది. ఆయన మళ్ళీ తల దించుకున్నాడు.

ఆ తర్వాత మూడు వారాలూ తవిటమ్మకి జరిగిన వైభోగం ఆ ఆస్పత్రి చరిత్రలో ఏ మనిషికీ జరగలేదు. పూటకి ఇద్దరు డాక్టర్లు. రూతమ్మ స్వయంగా కట్టు మార్చేది. ఇడ్లీలు మూడూ మంచం దాకా వచ్చేవి, ఈసారి వాటిని రోగే తినేది. ఆరో రోజుకి జ్వరం పోయింది. పదో రోజుకి నలుపు దిగడం మొదలైంది. పన్నెండో రోజున డీన్ రౌండ్సుకొచ్చి మంచం దగ్గర నిలబడిపోయాడు. తవిటమ్మనీ, కేసుషీటునీ మార్చి మార్చి చూశాడు.

"ఈ పురుగు కాస్త పెద్దగా ఉందేం?"

లోకనాథం ఈసారి "అలాగే సార్" అనలేదు. "బాగా తింటోంది సార్," అన్నాడు.

"గుడ్. మిగతావాటికి కూడా ఇదే డైట్ పెట్టండి," అని డీన్ ముందుకి వెళ్ళిపోయాడు.

నెలాఖరుకి పరుపుల్లో దూరిన పురుగులు గూళ్ళు కట్టుకుని, సీతాకోకల్లా కాకపోయినా, బూడిదరంగు రెక్కలతో బయటికొచ్చి ట్యూబులైట్ల చుట్టూ తిరగసాగాయి. చేరినప్పుడున్న రోగికీ ఇప్పుడున్న రోగికీ పోలిక లేదని సుందరశివరావు రెండు రోజులు అన్నం మానేశాడు. చివరికి డిశ్చార్జి పత్రంలో కొత్త గడి ఒకటి చేర్చి గట్టెక్కాడు. "రెక్కలు వచ్చినవా? అవును, కాదు."

తవిటమ్మ వంతు వచ్చింది. ఆవిడ రెండు పాదాలూ నేల మీద ఆనించి, కౌంటరు ముందు నిటారుగా నిలబడింది. లోకనాథం ఆ పాదాల వైపే చూస్తున్నాడు. పది వేళ్ళూ ఉన్నాయి.

"రెక్కలు వచ్చినవా?" అన్నాడు సుందరశివరావు, కలం పట్టుకుని.

"కాలుండిపోనాది బాబూ. రెక్కలెందుకు?"

"కాలికి గడి లేదమ్మా." ఆయన కాస్త ఆలోచించి 'అవును' మీద టిక్కు పెట్టాడు. రిమార్కుల్లో "కోలుకొని ఎగిరిపోయినది" అని రాశాడు. తవిటమ్మ వేలిముద్ర వేసి, జీడితోట దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మళ్ళీ ఏడు తనిఖీ దగ్గరపడింది. ఈలోగా మండలి నిబంధన మార్చింది. ప్రాణి అన్న చోటల్లా మనిషి అని రాశారు. పాత మొహాలన్నీ యంత్రంలోంచి తుడిచేసి కొత్తగా మొదలుపెట్టారు. దాంతో కాలేజీ బస్సు మళ్ళీ పల్లెకొచ్చింది. సుందరశివరావు స్వయంగా దిగి, తేనెపెట్టెల దగ్గరున్న తవిటమ్మ ముందు నిలబడ్డాడు. లోకనాథం ఈసారి సెలవు పెట్టలేదు. ఆవిడ ఏమంటుందో విందామని బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నాడు.

"తవిటమ్మా, సంస్థ తరఫున ఆహ్వానం. బిర్యానీ పొట్లాలు రెండు. చీర మీ ఇష్టం వచ్చిన రంగు. ఈసారి గుండెజబ్బు అనుకుంటున్నాం."

తవిటమ్మ పట్టులోంచి ఒక తెల్లపురుగుని ఏరి, పారెయ్యబోయి, ఏమనుకుందో దాన్ని పక్కనున్న ఆకు మీద పెట్టింది.

"పురుగులాగా అయితే వత్తాను బాబూ," అంది. "మనిసిలాగా ఒల్ల. మనిసిలాగా వచ్చినప్పుడు నన్నెవులూ సూళ్ళేదు."